బుధవారం ట్రయల్

నాలుగు బుధవారాలు గడిచాయి. మీగడ రంగు పాత కారు నాలుగుసార్లు షెడ్డుకి వచ్చింది. నాలుగుసార్లూ ట్రయల్ పేరు చెప్పి మేస్త్రీని ఎక్కించుకుని వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ రెండు గంటలకు గానీ తిరిగి రాలేదు. కారు పెద్దాసుపత్రి నర్సుది. మేడ మీద వంటగది కిటికీలోంచి మేస్త్రీ భార్య అన్నిసార్లూ చూసింది. చూసి ఊరుకుందామనే అనుకుంది. పోయినవారం ఎదురుషాపు టైలరు మెడలో కొలతల టేపు వేసుకుని మెట్లదాకా వచ్చి మరీ ఒక మాట చెప్పి వెళ్ళాడు.

"ట్రయల్‌కి వెళ్ళేటప్పుడు స్టీరింగు ఆవిడ చేతిలో ఉంటోందమ్మా. మెకానిక్ పక్కన కూర్చునే ట్రయల్ నేనింతవరకు చూళ్ళేదు."

పోయినసారి ఆ మాట దగ్గర మనం కథ ఆపాం. ఆమె కూడా వారం రోజులుగా ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉంది.

ఇవాళ ఐదో బుధవారం.

పొద్దున తొమ్మిదిన్నరకి మేస్త్రీ టీ తాగాడు, చక్కెర లేకుండా. నెల రోజులుగా అంతే. "కొంచెం ఒళ్ళు తగ్గాలి" అన్నాడు మొదటిరోజు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకి తన ఒంటి సంగతి ఎప్పుడూ పట్టలేదు. స్కూటరు తియ్యడం మానేసి ఎంత దూరమైనా నడుస్తున్నాడు. అదీ ఒళ్ళు తగ్గడానికేనట. పైగా నల్లకళ్ళద్దాలు కొన్నాడు. యాభై దాటిన మగాడికి ఉన్నట్టుండి నల్లకళ్ళద్దాల మీద మనసెందుకు పోతుందో ఆమెకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"గ్యాస్కెట్ కోసం బజారుదాకా వెళ్తున్నా. ఆ నర్సమ్మ వస్తే కూర్చోమను. పదకొండున్నరకల్లా వచ్చేస్తా," అన్నాడు.

"కూర్చోబెట్టి టీ కూడా ఇవ్వనా?"

"ఇస్తే మంచిదే."

ఎత్తిపొడుపు ఆయనకి తగల్లేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆచితూచి దిగాడు. మెట్లు కూడా పెళ్ళికొడుకులా దిగుతున్నాడు, అనుకుంది ఆమె. గ్లాసు కడగబోయి సింకులో పడేసింది. అది పగలకపోవడం కూడా ఆమెకు కోపం తెప్పించింది.

కారు కిందే ఉంది. నర్సు మంగళవారం సాయంత్రం వదిలి వెళ్తుంది, బుధవారం వచ్చి తీసుకెళ్తుంది. కారు బాగయ్యే వరకూ ఈ వరస తప్పదు. మరి కారు ఎందుకు బాగవటం లేదు? ఈ ప్రశ్న వారంలో వందసార్లు వేసుకుంది ఆమె. ఊళ్ళో ఏ పాత బండి మొరాయించినా చివరికి చేరేది ఈ షెడ్డుకే. కార్బరేటర్ పనిలో తన మొగుణ్ణి మించిన చెయ్యి లేదని ఆమెకు తెలుసు. అలాంటి చేతికి ఒక నర్సు కారు నాలుగు వారాలు లొంగలేదంటే నమ్మడానికి ఆమె ఏమన్నా పాలుతాగే పిల్లా?

పొయ్యి కట్టేసింది. తలుపు వెనక తగిలించి ఉన్న ఆయన పాత పనిచొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, కిందికి దిగింది. కారు బాగైపోతే ట్రయల్ ఉండదు. ట్రయల్ లేకపోతే బుధవారాలు ఉండవు. అంతకంటే పెద్ద ఆలోచన ఏదీ అప్పుడామె బుర్రలో లేదు.

ఆ షెడ్డు ఆమె నాన్నది. పన్నెండో ఏట నుంచీ ఆమె అక్కడే పెరిగింది. నాన్న చేతివేళ్ళు లావు, పిల్ల వేళ్ళు సన్నం. అందుకని కార్బరేటర్ లోపలి చిన్న పనులన్నీ ఆమెకే వచ్చేవి. పనివాళ్ళు ఆమెను చిన్నమేస్త్రీ అనేవాళ్ళు. ఆ పనివాళ్ళలో అందరికన్నా మంచి పనివాడికే ఆమెను ఇచ్చి చేసి, షెడ్డూ మేడా అతని పేరనే రాశాడు నాన్న. పెళ్ళైన నెలకి ఆ మంచి పనివాడు, "ఇంక నువ్వెందుకు మసి పూసుకోవడం, నేనున్నాగా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆమె మేడెక్కి వంటగదిలోకి వెళ్ళింది. అక్కడినుంచి ఇరవై రెండేళ్ళుగా కింది ఇంజన్లు వింటోంది. కూర తరుగుతూ, ఇది చోక్ పట్టేసింది, ఇది పంపు వీకైంది అని తనలో తాను అనుకునేది. కాసేపటికి కింద ఆయన కూడా అదే చెప్పేవాడు, కస్టమర్‌తో. వాళ్ళు ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని ఆ మెప్పు వినేది. అప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమనేది. దానికి పేరు పెట్టుకోలేదు ఎప్పుడూ.

కారు తలుపు తీసింది. మొట్టమొదట కంటబడింది డ్రైవరు పక్క సీటు. అది బాగా వెనక్కి జరిపి ఉంది, మేస్త్రీ పొడుగుకాళ్ళకి సరిగ్గా సరిపోయేలా. సీటు తలవైపు ఒక చిన్న దిండు కట్టి ఉంది. తలవాల్చుకోవడానికి. ఆమెకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. దిండు లాగిపారేద్దామని చెయ్యి చాపి, మళ్ళీ ఎందుకో ఆగి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

ఇంజన్ మూడోసారికి అందుకుంది. అందుకున్నదే గానీ దగ్గుతోంది. వెనకనించి నల్లటి పొగ గుప్పుమంది. షెడ్డంతా పచ్చి పెట్రోలు వాసన. కొద్దిగా రేసు ఇస్తే ఉక్కిరిబిక్కిరైంది, ఇంకాస్త తొక్కితే ఊపిరందనట్టు నీరసపడింది. కట్టేసింది.

"ముందు పెట్రోలు వస్తోందా చూడు. తర్వాత శుభ్రమైనది వస్తోందా చూడు. ఆ తర్వాతే కార్బరేటర్ మీద చెయ్యి వెయ్యి," అనేవాడు నాన్న. తొందరపడి ముందే కార్బరేటర్ విప్పేవాళ్ళంటే ఆయనకు చిరాకు.

ఆమె బానెట్ ఎత్తింది. పంపు నుంచి వచ్చే గొట్టాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీసి, దాని కొన ఒక గాజుసీసాలో పెట్టి, ఇంజన్ను నాలుగు చుట్లు తిప్పింది. పెట్రోలు బుస్సుబుస్సుమని వచ్చి పడింది. సీసా వెలుతురు వైపు ఎత్తి చూసింది. అడుగున నీటిబొట్టు లేదు, తుప్పురజను లేదు. ఫిల్టరూ శుభ్రంగానే ఉంది. అంటే టాంకుకి, పంపుకి ఏ రోగమూ లేదు.

ప్లగ్గు విప్పింది. పొడిమసి దట్టంగా పట్టి ఉంది. పెట్రోలు కావలసినదానికన్నా ఎక్కువ పోతోంది. చోక్ రేకు పూర్తిగా తెరుచుకుంటోంది, దాని తప్పు లేదు. అప్పుడు స్క్రూలు ఒక్కొక్కటే తీసి, వాటిని తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చి, కార్బరేటర్ మూత లేపింది. పెట్రోలు మీద తేలే ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల పెట్రోలు చప్పుడు లేదు, చిల్లు పడలేదు. పెట్రోలును ఆపే సూదిని దాని గూట్లో నొక్కిపట్టి, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చింది. నాలుకకి అతుక్కుంది. కారడం లేదు. పెట్రోలు చేదు నోరంతా పాకింది. ఎన్నేళ్ళయింది ఆ రుచి తెలిసి.

ఇక మిగిలినవి జెట్లు. అడుగున పక్కపక్కనే రెండు ఇత్తడి జెట్లు, ఒక్కోటీ చిటికెనవేలి గోరంత. నడుమన సన్నటి రంధ్రం. ఆ రంధ్రంలోంచే పెట్రోలు కొలతగా పోతుంది. కారు మామూలుగా నడిచేటప్పుడు మొదటిది పనిచేస్తుంది, దాని రంధ్రం చిన్నది. గట్టిగా తొక్కినప్పుడు రెండోది తోడొస్తుంది, దానిది పెద్దది. ఏది ఏదో తెలియడానికి వాటి నెత్తిన అంకెలు కొట్టి ఉంటాయి, చీమ తలకాయంత. రెండూ విప్పి గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో చూసింది.

మొదటి చోట ఉన్నదాని మీద నూట ముప్పై. రెండో చోట ఉన్నదాని మీద వంద.

మళ్ళీ చూసింది. తారుమారు. చిన్నది ఉండాల్సిన చోట పెద్దది, పెద్దది ఉండాల్సిన చోట చిన్నది. మెల్లగా పోతే పొగ, గట్టిగా తొక్కితే నీరసం. కారు రోగమంతా ఆమె అరచేతిలో ఉంది.

ఈ తప్పు పనిలో చేరి వారం కాని వాడైనా చెయ్యడు. ముప్పై ఏడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాడు చేశాడంటే దానర్థం ఒకటే. కారు బాగుపడకూడదు. ప్రతి మంగళవారం రావాలి, ప్రతి బుధవారం ఆ దిండున్న సీట్లో తలవాల్చుకుని ఎటో వెళ్ళాలి. అనుమానంగా ఉన్నంతసేపూ ఆమెలో ఒక మూల, అయ్యుండదులే అనే ఆశ మిగిలి ఉండేది. ఇప్పుడది కూడా పోయింది. జెట్లు గుప్పిట్లో బిగించి బెంచీ దగ్గరికి తిరిగొచ్చింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

నర్సుకి నలభై ఉంటాయేమో. మడమల్లేని చెప్పులు, భుజాన పెద్ద గుడ్డసంచీ, నిద్రచాలని మొహం. అందగత్తె కాదు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. అందగత్తె అయి ఉంటే ఓడిపోవడానికి ఒక కారణమైనా దొరికేది.

"మేస్త్రీ గారు లేరా అక్కా?"

"నేను మీకు అక్కనెప్పుడయ్యాను?"

నర్సు ఆమె చొక్కా వైపు, మసి చేతుల వైపు, మూత తీసిన కార్బరేటర్ వైపు చూసింది. "ఆలస్యమైందేమోనని పరుగెత్తుకొచ్చాను. పన్నెండుకల్లా వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"ట్రయల్‌కి," అంది నర్సు. అనేటప్పుడు కళ్ళు దించుకుంది.

"ట్రయల్ అక్కర్లేదు. మీ కారు రోగం దొరికింది. ఇలా రండి, చూపిస్తా." ఆమె అరచెయ్యి చాపింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. "ఈ రెండూ ఒకదాని చోట ఒకటి పెట్టి ఉన్నాయి. పెట్టింది మా ఆయన. పద్నాలుగో ఏట నుంచి ఈ పనిలో ఉన్నాడు, నిద్రలో లేపి అడిగినా ఏది ఎక్కడ పెట్టాలో చెప్తాడు. ఆయన పొరపాటున ఇలా చెయ్యడు. మీ కారు బాగుపడ్డం ఆయనకి ఇష్టంలేదు. ఎందుకో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

కోప్పడుతుందనుకుంది. లేకపోతే ఏడుస్తుందనుకుంది. రెంటికీ సిద్ధంగానే ఉంది. నర్సు రెండూ చెయ్యలేదు. ఒక జెట్ తీసుకుని, గుమ్మం వైపు తిరిగి, కళ్ళు చికిలించి చూసింది.

"దీని మీద ఉన్న అంకె చూసే పెట్టాలా?"

"చూసే పెట్టాలి."

"చేత్తో తడిమితే తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? రెంటికీ మర ఒకటే, సైజూ ఒకటే. చూస్తేనే..." అంటూ ఆమె ఆగింది. ఎందుకాగిందో ఇంకా ఆమెకే తెలీదు.

నర్సు జెట్‌ను జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈయన కావాలనే కారు ఆపుతున్నారని నేనూ అనుకున్నాను, మీకు అనుమానం రాకుండా. నిజంగానే బాగుచెయ్యలేకపోతున్నారని నాకు తెలీదు." సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "నేను పనిచేసేది కంటి వార్డులో."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఆయనకి షుగరుంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆయనకే తెలీదు. కంటి వెనక నరాలు చెడిపోయాయి. ఎడమ కంటికి మనిషి నిలబడితే నీడలాగా తెలుస్తుంది, అంతే. కుడికన్నన్నా నిలబెడదామని లేజరు పెడుతున్నారు. వారానికోసారి. ఇవాళ ఆఖరుది. బుధవారం నాకు సెలవు, అందుకని నేనే తీసుకెళ్తున్నా. బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు."

చక్కెర లేని టీ. కమ్మీ పట్టుకుని దిగడం. నల్లకళ్ళద్దాలు. ఇవన్నీ ఆమె కళ్ళముందే జరిగాయి, చూసింది కూడా. చూసి వేరే కథ అల్లుకుంది.

"ఇంతా మీకు చెప్పాడు," అంది ఆమె. "నాకు చెప్పలేదు."

"ఆయన చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. కారు తెచ్చిన మొదటిరోజు స్క్రూ మీద పెట్టబోయి మూడుసార్లు పక్కన పెట్టారు స్క్రూడ్రైవర్ని. వార్డులో రోజూ ఇలాంటివాళ్ళని చూసేదాన్ని కదా, తెలిసిపోతుంది. అడిగితే ముందు కసురుకున్నారు."

"నాకు చెప్పొద్దన్నాడా?"

"ఒట్టేయించుకున్నారు." నర్సు తటపటాయించింది. "మామగారు నా చేతులు చూసి పిల్లనిచ్చారు, ఆ చేతులు ఇంక పనికిరావని ఆవిడకి నేనే నోటితో చెప్పను, అన్నారు. ఆ రోజు కార్లో చాలాసేపు ఏడ్చారు."

ఆమె మొహం తిప్పేసుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవగా ఆమె చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ ఏడుపు ఈ మనిషి చూసింది, ఆ మాట ఈ మనిషి విన్నది. తనకు రావలసినవి దారి తప్పి ఇంకో ఇంటి గుమ్మం తొక్కినట్టు అనిపించింది. ముద్దులాడుకున్నారని తెలిసినా ఇంత కుళ్ళు పుట్టేది కాదేమో. దానికైతే పోట్లాడటానికి ఒక దారి ఉండేది. మంచి చేసిన మనిషితో ఏమని పోట్లాడాలి?

"ఆ దిండు?" అంది చివరికి. అదే మిగిలింది అడగడానికి.

"లేజరు అయ్యాక తల పగిలిపోతుందంటారు. వచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని పడుకుంటారు."

ఆమె తలూపింది. తర్వాత కారు దగ్గరికి వెళ్ళి, ఒక బ్యాటరీ లైటు తీసి నర్సుకిచ్చింది. "పన్నెండు లోపు మీరు వెళ్ళాలి కదా. ఇది ఇక్కడ పట్టుకోండి. కదపొద్దు."

వంద మొదటి చోట. నూట ముప్పై రెండో చోట. మర బిగిసేటప్పుడు ఇత్తడి ఎంత మెత్తనో వేలికొసలకు గుర్తుంది, అతిగా బిగిస్తే పాడవుతుంది. ఫ్లోట్ అమర్చింది, మూత పెట్టింది. గుడ్డ మీది స్క్రూలు వరసగా ఎక్కించింది. మొదటి రెండు స్క్రూలకీ వేళ్ళు దారి వెతుక్కున్నాయి. మూడోదానికి పాత అలవాటు తిరిగొచ్చింది.

"మీకు ఈ పని వచ్చా?" అంది నర్సు, లైటు పట్టుకునే.

"వచ్చు."

"మీ గురించి చాలా చెప్పారు. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

"ఆయనకది గుర్తుంటే కదా," అంది ఆమె. "లోపల కూర్చుని తాళం తిప్పండి. నేను చెప్పినప్పుడు కొంచెం రేసివ్వండి."

ఇంజన్ రెండోసారికి అందుకుంది. పాత మసి ఒక్కసారి దగ్గి పారేసి తేరుకుంది. ఆమె గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు మార్చే మిక్స్చర్ స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టి, చెవి ఒగ్గి, మెల్లగా లోపలికి తిప్పింది. ఇంజన్ తడబడింది. బయటికి తిప్పింది. కుదుటపడింది. ఇంకొంచెం. మళ్ళీ ఊగిసలాట మొదలైంది. రెంటికీ నడుమ ఒక చోటుంటుంది, అక్కడ ఇంజన్ తనంతట తనే హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ చోటు అంకెల్లో ఉండదు, చెవికే తెలుస్తుంది. దొరికింది. "ఇప్పుడివ్వండి," అంది. రేసు ఇస్తే ఎక్కడా తొట్రుపాటు లేకుండా లేచింది, వదిలితే మెత్తగా దిగింది. పొగ లేదు.

సంతోషం వేసింది ఆమెకి. ఇలాంటప్పుడు సంతోషమేమిటని సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ళూ మేడ మీద కూర్చుని ఈర్ష్యపడింది ఏ ఆడదాన్ని చూసీ కాదు, ఆయన చేతుల్ని చూసే. ఆ చేతులే ఇప్పుడు...

చెప్పుల చప్పుడు వినిపించింది.

మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు, గ్యాస్కెట్ పొట్లం చేతిలో పట్టుకుని. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి షెడ్డు నీడలోకి వచ్చి, నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఆయనకు ఎడమవైపు, బెంచీ పక్కన, రెండు చేతులు చాపితే అందేంత దూరంలో ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఏం చెప్పుకోవాలా అని వెతుక్కుంటోంది. ఆయన ఆమె పక్కనించే నడిచి కారు దగ్గరికి వెళ్ళాడు.

చూడలేదు. చూసీ చూడనట్టు వెళ్ళడం కాదు. ఆయనకి ఆమె అక్కడ లేదు.

నర్సు స్టీరింగు వెనక నుంచి ఆమె వైపు చూసింది. ఆమె తల అడ్డంగా ఊపింది, మాట్లాడొద్దని.

మేస్త్రీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకు వంచి, ఇంజన్ను విన్నాడు. చాలాసేపు విన్నాడు. మొహంలో రంగు మారింది.

"ఎవరి చెయ్యి పడింది దీనిమీద?" అన్నాడు. "వేరే మెకానిక్‌కి చూపించారా? చూపిస్తే చూపించారు. నాతో ఒక మాట చెప్పాల్సింది," అన్నాడు.

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. నాలుగు వారాలుగా ఆమె లోపల వినపడుతున్నది అదే గొంతు.

"పనిమంతుడే," అన్నాడు మళ్ళీ, కష్టపడి. "ఇంత నునుపుగా నేను కూడా... పోనీలెండి. ఒకందుకు మంచిదే అయింది." గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పైనే ఉంది కదా?"

నర్సు ఏమీ అనలేదు. ఆయన దాన్ని అవుననే అనుకున్నాడు.

"సాయంత్రం దాకా ఆమెకి తెలియకూడదు. ఇవాళ ఆఖరి సిట్టింగ్ అయ్యాక నేనే చెప్తా. షెడ్డు మా తమ్ముడికి ఇచ్చేస్తున్నా. టైర్ల గోడౌన్‌కి చోటు కావాలని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. కార్బరేటర్ బళ్ళు ఇంకెన్నాళ్ళు ఉంటాయి చెప్పండి. నా తర్వాత ఈ పని చెయ్యడానికి ఇంట్లో ఎవరున్నారు?"

ఆమె స్క్రూడ్రైవర్‌ను బెంచీ మీద పెట్టేసింది.

"నిన్న సాయంత్రం సంతకం కూడా పెట్టేశా," అన్నాడు మేస్త్రీ.

ఆమె నాలుగడుగుల్లో కారు తలుపు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇంజన్ కట్టేసింది. ఆ నిశ్శబ్దంలో ఆయన తల ఇటు తిరిగింది. మొహం ఆమెవైపే ఉంది, చూపు మాత్రం ఆమె భుజం దాటి ఎక్కడో ఆగింది.

"నువ్వా," అన్నాడు. "ఎప్పుడొచ్చావు?"

"పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను," అంది ఆమె. అరవలేదు. "కారు బాగుచేసింది నేనే. ఆ సంగతి తర్వాత. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముంది?"

"షెడ్డు ఒక్కటే. మేడ మన పేరు మీదే ఉంటుంది. అన్నీ రాసి ఉన్నాయి."

"మీరు చదివారా?"

మేస్త్రీ పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నర్సు కారు దిగి, దిగిన చోటే నిలబడిపోయింది.

"తమ్ముడే చదివి వినిపించాడు," అన్నాడు.